టీసీపీ సాకెట్‌లో సగం మెసేజ్ రావడం, రెండు మెసేజ్‌లు కలిసిపోవడం: కారణం, సరిచేసే పద్ధతి

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. స్కూల్ బస్సుల్లో ఉంచిన ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లు ప్రతి స్టాప్ దగ్గర ఎక్కిన పిల్లల పేర్లను తెలుగులో ఒక జేసన్ (డేటాను పాఠంగా రాసే ఒక పద్ధతి) మెసేజ్‌గా చేసి, టీసీపీ (రెండు యంత్రాల మధ్య డేటా చేరవేసే ప్రోటోకాల్) కనెక్షన్ మీద మీ పైథాన్ సర్వర్‌కు పంపుతున్నాయి. సర్వర్‌లో మీరు రిసీవ్ ఫంక్షన్‌కు 1024 ఇచ్చి, వచ్చినదాన్ని వెంటనే డీకోడ్ చేసి (బైట్లను అక్షరాలుగా మార్చి) జేసన్ పార్సర్‌కు, అంటే ఆ పాఠాన్ని విడదీసి చదివే కోడ్‌కు, అందిస్తున్నారు. చదివిన ప్రతి మెసేజ్‌నూ డేటాబేస్‌లో రాసి, తల్లిదండ్రులకు ఎస్‌ఎంఎస్ కూడా పంపుతున్నారు. లాప్‌టాప్‌లో ఇద్దరు పిల్లల పేర్లున్న నమూనా మెసేజ్‌తో పరీక్షించినప్పుడు అంతా సవ్యంగా ఉంది. క్లౌడ్ సర్వర్ మీద పెట్టాక ఒకసారి ‘ఎక్స్‌ట్రా డేటా’ అని, ఒకసారి ‘అన్‌టర్మినేటెడ్ స్ట్రింగ్’ అని, అరుదుగా యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అని వస్తోంది. 1024ను 4096 చేశారు, రిసీవ్‌కు ముందు కొద్దిపాటి స్లీప్ (విరామం) కూడా పెట్టారు. ఎర్రర్లు తగ్గాయి గానీ పోలేదు. ఎవరో టీసీపీ వదిలి యూడీపీ అనే మరో ప్రోటోకాల్‌కు మారమన్నారు, మారాలా అని అడుగుతున్నారు.

మారనక్కర్లేదు. ఆ మూడు ఎర్రర్లకూ మూలం ఒక్కటే. టీసీపీకి మెసేజ్ అంటే ఏమిటో తెలియదు; దానికి తెలిసినవి వరుసగా వెళ్ళే బైట్లు మాత్రమే. అందువల్ల ఒక మెసేజ్ ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తును పంపేవారే డేటాలో పెట్టాలి, చదివేవారు ఆ గుర్తు కనబడేదాకా బైట్లను ఒక బఫర్‌లో (తాత్కాలికంగా దాచే చోటులో) కూడబెట్టుకోవాలి. మీ విషయంలో సులువైన మార్గం ప్రతి జేసన్ మెసేజ్ చివర ఒక న్యూలైన్ (వరుస ముగిసిందని చెప్పే గుర్తు) పంపడం, సర్వర్‌లో న్యూలైన్ దగ్గర విడగొట్టడం, విడగొట్టిన తర్వాతే డీకోడ్ చేయడం. రిసీవ్‌కు ఇచ్చే సంఖ్యను ఎంత పెంచినా, స్లీప్ ఎంత పెట్టినా లోపం బయటపడే అవకాశం తగ్గుతుందే తప్ప లోపం పోదు.

ఇది మీ పైథాన్‌లోనో, క్లౌడ్ సర్వర్‌లోనో ఉన్న వింత కాదు. టీసీపీని నిర్వచించిన 1981 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 793 లోనూ, దాని స్థానంలో 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9293 లోనూ ఈ ప్రోటోకాల్ ఇచ్చే హామీ ఒకటే: పంపిన బైట్లు నమ్మకంగా, పంపిన వరుసలోనే అందుతాయి. ఎన్ని విడతల్లో పంపారో అన్ని విడతల్లోనే అందుతాయన్న హామీ ఎక్కడా లేదు. ట్యాంకులో మీరు బిందెలతో నీళ్ళు పోసినా, కింద కుళాయి తిప్పినవాడికి ఎన్ని బిందెలు పోశారో తెలిసే వీలు లేనట్టే, పంపేవైపు మూడుసార్లు సెండ్ పిలిచినా అందుకునేవైపు ఒక్క రిసీవ్‌లోనే మూడూ రావచ్చు, లేదా ఒక్క సెండ్‌లో వెళ్ళినది ఐదు రిసీవ్‌లలో రావచ్చు. రిసీవ్‌కు మీరిచ్చే 1024 అనేది ‘ఇంతకు మించి ఇవ్వవద్దు’ అన్న పరిమితి మాత్రమే. ‘ఇన్ని వచ్చేదాకా ఆగు’ అన్న ఆదేశం కాదు. ఆ క్షణానికి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) బఫర్‌లో ఒక్క బైట్ ఉంటే ఆ ఒక్కటే ఇచ్చి తిరిగి వచ్చే హక్కు దానికి ఉంది.

మరి లాప్‌టాప్‌లో ఎందుకు పనిచేసింది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే రేపు మరో ప్రాజెక్టులో ఇదే తప్పు దొర్లుతుంది గనుక కొంచెం వివరంగా చెబుతాను. లైనక్స్‌లో లూప్‌బ్యాక్ ఇంటర్‌ఫేస్ (యంత్రం తనకు తానే పంపుకునే దారి) మీద ఒక ప్యాకెట్ పరిమాణం 65,536 బైట్ల దాకా ఉండవచ్చు. ఇద్దరి పేర్లే ఉన్న మీ చిన్న నమూనా మెసేజ్ ఒకే ముక్కగా వెళ్ళి, దాదాపు ఎప్పుడూ ఒకే ముక్కగా రిసీవ్‌కు అందుతుంది. అదే ఈథర్నెట్ మీద అయితే ప్యాకెట్ పరిమితి సాధారణంగా 1500 బైట్లు. అందులో ఐపీ హెడర్‌కు 20, టీసీపీ హెడర్‌కు 20 పోగా మీ డేటాకు మిగిలేది 1460, టైమ్‌స్టాంప్ ఆప్షన్ కూడా ఉంటే 1448. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఇది ఇంకా తగ్గవచ్చు. ఒక స్టాప్‌లో ఇరవై మంది పిల్లలు ఎక్కితే మీ మెసేజ్ ఒక ప్యాకెట్‌లో పట్టదు, రెండో ప్యాకెట్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, ఈలోగా రిసీవ్ మొదటి ముక్కను మీ చేతిలో పెడుతుంది. పార్సర్ దాన్ని చూసి స్ట్రింగ్ ముగియలేదంటుంది.

రెండు మెసేజ్‌లు కలిసిపోవడానికి దారి వేరు. 1984లో జాన్ నేగుల్ ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం, ముందు పంపిన డేటాకు అవతలినుంచి రసీదు రాకముందే మరికొంత చిన్న డేటా పంపబోతే, టీసీపీ దాన్ని కాసేపు ఆపి తర్వాతి దానితో కలిపి పంపుతుంది. దీన్ని ఆపేసే నోడిలే ఆప్షన్ ఒకటుంది, దాన్ని పెడితే సమస్య తీరుతుందని చాలామంది సలహా ఇస్తారు. ఆ ఆప్షన్ ఆలస్యాన్ని తగ్గించడానికి ఉన్నది, మెసేజ్ హద్దులను కాపాడటానికి కాదు. అది పెట్టినా మీ సర్వర్ వేరే పనిలో ఉన్నప్పుడు రెండు మెసేజ్‌లు వచ్చి కెర్నెల్ బఫర్‌లో పక్కపక్కన కూర్చుంటే, తర్వాతి రిసీవ్‌లో రెండూ కలిసే వస్తాయి. పైగా బస్సు సిగ్నల్ లేని చోటు నుంచి బయటికి రాగానే ట్యాబ్లెట్ దగ్గర పోగుపడిన ఏడెనిమిది మెసేజ్‌లు ఒకేసారి దూసుకొస్తాయి. మీ ‘ఎక్స్‌ట్రా డేటా’ ఎర్రర్లు ఉదయం, సాయంత్రం ట్రిప్పుల్లో ఒకే రూట్‌ల మీద ఎక్కువగా కనిపిస్తున్నాయేమో లాగ్‌లు చూడండి. నా అనుభవంలో అది నేరుగా సిగ్నల్ లేని ఊళ్ళ పటంతో సరిపోతుంది.

స్లీప్ గురించి కూడా ఒక మాట. స్లీప్ పెట్టినప్పుడు మిగతా ముక్క రావడానికి సమయం దొరుకుతుంది కాబట్టి సగం మెసేజ్‌లు తగ్గుతాయి. అదే సమయంలో రెండో మెసేజ్ కూడా వచ్చి చేరడానికి అవకాశం పెరుగుతుంది కాబట్టి కలిసిపోయినవి పెరుగుతాయి. ఒక జబ్బును ఇంకో జబ్బుగా మార్చడమే ఇది. వెంటనే తీసేయండి.

ఇక సరిచేసే క్రమం. ప్రతి కనెక్షన్‌కూ బఫర్‌గా విడిగా ఒక బైట్‌అర్రే (బైట్ల వరుస) పెట్టుకోండి; అన్ని కనెక్షన్లకూ కలిపి ఒకటే పెడితే ఒక బస్సు డేటా ఇంకో బస్సు డేటాలో కలుస్తుంది. రిసీవ్ ఇచ్చిన బైట్లను డీకోడ్ చేయకుండా అలాగే ఆ బఫర్ చివర చేర్చండి. తర్వాత బఫర్‌లో న్యూలైన్ బైట్, అంటే విలువ 10 ఉన్న బైట్, ఉందేమో వెతకండి. ఉంటే దాని ముందున్న భాగాన్ని పూర్తి మెసేజ్‌గా తీసి, యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) డీకోడ్ చేసి, పార్సర్‌కు ఇవ్వండి. తీసిన భాగాన్ని, న్యూలైన్‌తో సహా, బఫర్ నుంచి తొలగించండి. ఈ వెతకడం ‘ఇఫ్’తో కాదు, ‘వైల్’తో జరగాలి. నేను సమీక్షించే కోడ్‌లలో తరచుగా చూసే లోపం ఇదే. ఇఫ్ పెట్టినప్పుడు మూడు మెసేజ్‌లు కలిసి వస్తే ఒకటే బయటికి వస్తుంది, మిగిలిన రెండూ తర్వాతి రిసీవ్ దాకా బఫర్‌లోనే ఉండిపోతాయి. ఏ ఎర్రర్ రాదు, కానీ పిల్లవాడు బస్సు ఎక్కిన మెసేజ్ తల్లిదండ్రులకు తర్వాతి స్టాప్ దాటాక చేరుతుంది. న్యూలైన్ లేకుండా చివర మిగిలిన ముక్కను మాత్రం కదపకండి. అది తర్వాతి మెసేజ్ మొదటి భాగం.

న్యూలైన్‌ను ఎంచుకోవడానికి కారణముంది. జేసన్‌లో స్ట్రింగ్ లోపల న్యూలైన్ వస్తే దాన్ని తప్పనిసరిగా బ్యాక్‌స్లాష్‌తో రాయాలి కాబట్టి, అందంగా ఇండెంట్ చేయకుండా ఒకే వరుసగా రాసిన జేసన్‌లో అసలైన న్యూలైన్ బైట్ రాదు. ట్యాబ్లెట్ యాప్‌లో ‘ప్రెటీ ప్రింటింగ్’ ఆన్ చేసి ఉంటే ముందు దాన్ని తీసేయించండి. ఇక యూటీఎఫ్-8లో ఒకటికి మించి బైట్లు పట్టే ఏ అక్షరంలోనైనా ప్రతి బైట్ విలువా 128 గానీ అంతకు ఎక్కువ గానీ ఉంటుంది కాబట్టి, తెలుగు అక్షరం మధ్యలో 10 విలువ ఉన్న బైట్ రావడం అసాధ్యం. అందుకే డీకోడ్ చేయకముందే బైట్ల స్థాయిలో విడగొట్టడం నిర్భయంగా చేయవచ్చు.

అసలు తెలుగు వల్లనే మీకు కనిపిస్తున్న మూడో ఎర్రర్ సంగతి ఇక్కడ చెప్పాలి. తెలుగు యూనికోడ్ బ్లాకులోని ప్రతి సంకేతానికీ, అంటే అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ, యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు పడతాయి. ‘నల్గొండ’ అనే మాటలో న, ల, పొల్లు, గ, ఒత్వం, సున్న, డ అని ఏడు సంకేతాలు, మొత్తం 21 బైట్లు. ఇందులో ‘గ’ అంటే 224, 176, 151 అనే మూడు బైట్లు. రిసీవ్ ఇచ్చిన ముక్క 176 దగ్గర ముగిసిందనుకోండి. మొదటి ముక్క చివర అసంపూర్ణమైన అక్షరం ఉందని, రెండో ముక్క మొదట్లో తలలేని బైట్ ఉందని డీకోడర్ రెండుసార్లు ఫిర్యాదు చేస్తుంది. దీన్ని నోరు మూయించడానికి డీకోడ్‌కు ‘ఇగ్నోర్’ అని ఇచ్చేవాళ్ళున్నారు. అలా చేస్తే ఎర్రర్ పోతుంది, దానితోపాటు ‘గ’ కూడా పోయి డేటాబేస్‌లో ‘నల్ొండ’ అని మిగులుతుంది. ఎర్రర్ రావడమే ఎంతో మేలు.

మీ లాప్‌టాప్ పరీక్షలో ఇది ఎందుకు బయటపడలేదో కూడా ఊహించగలను. మీరు నమూనా మెసేజ్‌ను పైథాన్ స్క్రిప్ట్‌తోనే పంపి ఉంటారు. పైథాన్ జేసన్ లైబ్రరీ మామూలుగా తెలుగు అక్షరాలను అలాగే పంపదు. ‘గ’ను బ్యాక్‌స్లాష్, యూ, 0సీ17 అనే ఆరు సాదా ఆస్కీ అక్షరాలుగా (ఒక్కో బైటే పట్టే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులుగా) మార్చి పంపుతుంది. ఆస్కీని ఎక్కడ కోసినా డీకోడర్ ఏమీ అనదు. ఆండ్రాయిడ్‌లోని జేసన్ లైబ్రరీలు సాధారణంగా తెలుగును నేరుగా రాస్తాయి, అది మూడేసి బైట్లుగా వస్తుంది. పరీక్షకు వాడిన క్లయింట్, అసలు క్లయింట్ ఒకే జేసన్‌ను రెండు రూపాల్లో పంపుతున్నాయన్నమాట. ఇకమీదట పరీక్ష స్క్రిప్ట్‌లో ‘ఎన్ష్యూర్ ఆస్కీ’ అనే ఆప్షన్‌ను ఫాల్స్ చేసి వాడండి.

పూర్తి మెసేజ్ వచ్చాకే డీకోడ్ చేస్తే ఈ తలనొప్పి మొత్తం పోతుంది. మెసేజ్ అనే హద్దే లేకుండా, వచ్చిన పాఠాన్ని వచ్చినట్టు తెర మీద చూపవలసిన సందర్భాలలో మాత్రం ఇంక్రిమెంటల్ డీకోడర్ కావాలి. అది అసంపూర్ణ అక్షరపు బైట్లను తన దగ్గరే ఉంచుకుని తర్వాతి ముక్కతో కలుపుతుంది. పైథాన్‌లో కోడెక్స్ మాడ్యూల్‌లోనూ, నోడ్ జేఎస్‌లో స్ట్రింగ్ డీకోడర్ పేరుతోనూ అది ఉంది. జావాలో ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ ఆ పని తానే చేసుకుంటుంది.

న్యూలైన్‌కు బదులు ప్రతి మెసేజ్ ముందు దాని పొడవును నాలుగు బైట్లలో పంపే పద్ధతి కూడా ఉంది. ఫోటోలు, ధ్వని వంటి బైనరీ డేటా పంపేటప్పుడు ఇదే సరైనది, ఎందుకంటే అందులో ఏ బైట్ అయినా రావచ్చు, గుర్తుగా వాడటానికి ఏదీ మిగలదు. ఈ పద్ధతిలో జాగ్రత్త పడవలసినవి మూడున్నాయి. ఆ నాలుగు బైట్లు కూడా విడివిడిగా రావచ్చు. ‘పొడవు మాత్రం ఒకేసారి వస్తుందిలే’ అనుకోకూడదు. బైట్ల వరుస రెండువైపులా ఒకటే ఉండాలి. నెట్‌వర్క్ ప్రోటోకాల్‌లలో పెద్ద విలువగల బైట్ ముందు రావడం ఆనవాయితీ. పొడవును అక్షరాలలో కాదు, బైట్లలో లెక్కించాలి. ‘నల్గొండ’ను స్ట్రింగ్‌గా కొలిస్తే 7, బైట్లుగా కొలిస్తే 21. పంపేవైపు 7 అని రాసి 21 బైట్లు పంపితే, చదివేవైపు మొదటి 7 బైట్లను మెసేజ్ అనుకుని, మిగిలిన 14 బైట్లలో మొదటి నాలుగింటిని తర్వాతి మెసేజ్ పొడవుగా చదువుతుంది. అక్కడినుంచి ఆ కనెక్షన్ మీద వచ్చేదంతా చెత్తే. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినప్పుడు రెండు లెక్కలూ ఒకటే కాబట్టి ఈ తప్పు బయటపడదు, తెలుగు పేరు వచ్చిన తొలిరోజే బయటపడుతుంది.

పొడవును గుడ్డిగా నమ్మి మెమరీ కేటాయించకండి. నాలుగు బైట్లలో 400 కోట్లకు పైగా విలువ పడుతుంది, అంటే ఒక తప్పుడు కనెక్షన్ మీ సర్వర్‌ను 4 జీబీ మెమరీ అడగగలదు. లాగ్‌లో ‘మెసేజ్ పొడవు 1195725856’ అని కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. హెచ్‌టీటీపీ అభ్యర్థన మొదట ఉండే జీ, ఈ, టీ, ఖాళీ అనే నాలుగు బైట్లను సంఖ్యగా చదివితే వచ్చేది అదే. ఎవరో బ్రౌజర్‌తోనో, ఇంటర్నెట్ మీద పోర్టులు తడిమే ప్రోగ్రామ్‌తోనో మీ పోర్టుకు వచ్చారని అర్థం. ఒక పరిమితి పెట్టుకుని, మీ విషయంలో 64 కేబీ చాలు, దాటితే లాగ్ రాసి కనెక్షన్ మూసేయండి. న్యూలైన్ పద్ధతిలోనూ ఇదే నియమం: న్యూలైన్ రాకుండా బఫర్ 64 కేబీ దాటితే మూసేయాలి.

మీకు ఒక విధంగా అదృష్టం ఉంది: జేసన్ సగం వస్తే అరుస్తుంది. అరవని డేటాతోనే ప్రమాదం. ఒక రైస్ మిల్లులో లారీల కాటా యంత్రం తూకాన్ని సీరియల్ పోర్టు మీద నిరంతరం పంపుతుండేది, దాన్ని ఒక చిన్న కన్వర్టర్ టీసీపీగా మార్చి ఆఫీసు కంప్యూటర్‌కు ఇచ్చేది. అంతకుముందు ఎవరో రాసిన ప్రోగ్రామ్ రిసీవ్ ఇచ్చిన అంకెలను నేరుగా సంఖ్యగా మార్చుకునేది. 12450 అనే తూకం ‘124’, ‘50’ అని రెండు ముక్కలుగా వస్తే రెండూ సరైన సంఖ్యలే. ప్రోగ్రామ్‌కు అనుమానం రాదు. ధాన్యం లారీకి 124 కిలోలని బిల్లు వస్తే గుమాస్తా పట్టుకుంటాడు, 12450 బదులు 2450 వస్తే ఖాళీ బండి అనుకుని పట్టుకోకపోవచ్చు. ఆ యంత్రం నిజానికి ప్రతి తూకానికీ ముందు 2 విలువ ఉన్న బైట్‌ను, చివర 3 విలువ ఉన్న బైట్‌ను పంపుతూనే ఉంది. ప్రోగ్రామ్ వాటిని పనికిరాని అక్షరాలుగా భావించి తీసేస్తోంది. మొదటి గుర్తు కనబడేదాకా వచ్చినదంతా పారేయడం, అక్కడినుంచి చివరి గుర్తు దాకా కూడబెట్టడం, మధ్యలో అంకెల సంఖ్య సరిపోకపోతే ఆ తూకాన్ని వదిలేయడం అన్న మార్పుతో అది కుదురుకుంది. నిరంతరం ప్రవహించే డేటాలో మనం మధ్యలో చేరతాం కాబట్టి ‘మొదట వచ్చిన ముక్క నమ్మదగినది కాదు’ అనే జాగ్రత్త అక్కడ అవసరం. మీ బస్సుల్లో కనెక్షన్ మొదలు నుంచీ చదువుతారు గనుక మీకు అది వర్తించదు.

మన దగ్గర వాహనాలకు పెట్టే జీటీ06 తరహా జీపీఎస్ ట్రాకర్లను కూడా చూడండి. ప్రతి ప్యాకెట్ 120, 120 అనే రెండు బైట్లతో మొదలవుతుంది, తర్వాత ఒక బైట్‌లో పొడవు, ఆ తర్వాత విషయం, తప్పులను పట్టుకునే రెండు బైట్ల సీఆర్‌సీ, చివర 13, 10. మొదలుకు గుర్తు, పొడవు, సరిచూపు, చివరకు గుర్తు అన్నీ ఉన్నాయి. టీసీపీ నమ్మకమైనదే కదా, ఇవన్నీ ఎందుకు అనిపించవచ్చు. బైట్లను నమ్మకంగా చేర్చడం టీసీపీ పని. లెక్క తప్పిన చదువరి మళ్ళీ దారిలో పడటం మన పని.

ఇక రిసీవ్ సున్నా బైట్లు ఇచ్చినప్పుడు ఏమిటన్న విషయం. పైథాన్‌లో ఖాళీ బైట్స్ వస్తే దాని అర్థం ‘ప్రస్తుతానికి డేటా లేదు’ అని కాదు, ‘అవతలివారు పంపడం ముగించారు, ఇక ఎప్పటికీ రాదు’ అని. లూప్‌లో దీన్ని పట్టించుకోకపోతే రిసీవ్ మళ్ళీ మళ్ళీ వెంటనే ఖాళీగా తిరిగివస్తూ ఒక సీపీయూ కోర్‌ను నూరు శాతం తినేస్తుంది. ఖాళీ వచ్చినప్పుడు బఫర్‌లో సగం మెసేజ్ మిగిలి ఉంటే అది తెగిపోయిన మెసేజ్. దాన్ని పార్స్ చేయకుండా లాగ్ రాసి పారేయండి.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో చిక్కు ఉంది. అవతలివారు పోయినా మీకు ఏమీ తెలియకపోవచ్చు. ట్యాబ్లెట్ బ్యాటరీ అయిపోయినా, బస్సు సిగ్నల్ దాటి వెళ్ళినా మీ సర్వర్‌కు ముగింపు సూచన ఏదీ రాదు. రిసీవ్ అలాగే ఎదురుచూస్తుంది. లైనక్స్‌లో కీప్‌అలైవ్ (అవతలివారు ఉన్నారో లేదో తనిఖీ చేసే ఆప్షన్) ఆన్ చేసినా, దాని మొదటి తనిఖీ మామూలుగా 7200 సెకన్ల తర్వాత, అంటే రెండు గంటలకు. ఈలోగా మొబైల్ ఆపరేటర్ దగ్గరి నాట్ పరికరం (అనేక ఫోన్లను ఒకే ఇంటర్నెట్ అడ్రస్ వెనక ఉంచేది) గానీ, క్లౌడ్‌లోని లోడ్ బ్యాలెన్సర్ (కనెక్షన్లను సర్వర్లకు పంచేది) గానీ ఖాళీగా ఉన్న మీ కనెక్షన్‌ను ఎప్పుడో మరచిపోయి ఉంటుంది. కాబట్టి ట్యాబ్లెట్ ప్రతి అరనిమిషానికో నిమిషానికో ఒక చిన్న మెసేజ్ పంపేలా, మూడు విడతలు రాకపోతే సర్వర్ కనెక్షన్ మూసేలా చేయండి. టైమ్‌ఔట్ ప్రతి రిసీవ్‌కూ విడిగా వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి: ఐదు సెకన్ల టైమ్‌ఔట్ ఉన్నా నాలుగు సెకన్లకో బైట్ చొప్పున పంపేవాడు మీ థ్రెడ్‌ను గంటల తరబడి కట్టిపడేయగలడు. మెసేజ్ మొదలైన క్షణం నుంచి మొత్తం గడువు లెక్కించాలి.

పంపేవైపు సెండ్ విజయవంతమైందంటే ఆ బైట్లు ట్యాబ్లెట్ కెర్నెల్ బఫర్‌లోకి చేరాయని మాత్రమే అర్థం, సర్వర్‌కు చేరాయని కాదు. కనెక్షన్ తెగితే ఏవి చేరాయో ట్యాబ్లెట్‌కు తెలిసే మార్గం టీసీపీలో లేదు. పిల్లల హాజరు వంటి విషయంలో ప్రతి మెసేజ్‌కూ ఒక వరుస సంఖ్య పెట్టి, సర్వర్ డేటాబేస్‌లో రాసుకున్నాకే ఆ సంఖ్యను తిరిగి పంపి, అది అందేదాకా ట్యాబ్లెట్ ఆ మెసేజ్‌ను దాచుకోవాలి. తిరిగి పంపడంలో ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు. అదే బస్సు, అదే సంఖ్య అయితే సర్వర్ రెండోదాన్ని పట్టించుకోకూడదు. పైథాన్‌లో జవాబు పంపేటప్పుడు సెండ్ కాక సెండాల్ వాడండి, సెండ్ కూడా రిసీవ్‌లాగే కొంత పంపి మిగతాది మీకే వదిలేయవచ్చు.

మీరు చదివిన ప్రతి మెసేజ్‌కూ అక్కడికక్కడే డేటాబేస్‌లో రాసి, ఎస్‌ఎంఎస్ కూడా పంపుతున్నామన్నారు. ఎస్‌ఎంఎస్ సేవ నెమ్మదించిన రోజున మీ లూప్ రిసీవ్ దాకా రాదు, కెర్నెల్ బఫర్ నిండుతుంది, టీసీపీ అవతలివైపుకు ‘నా దగ్గర చోటు సున్నా’ అని చెబుతుంది, ట్యాబ్లెట్ సెండ్ దగ్గర ఆగిపోతుంది. డేటా పోదు, కానీ డ్రైవర్‌కు యాప్ బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. లైనక్స్ సర్వర్‌లో ‘ఎస్‌ఎస్’ ఆదేశం ఇస్తే ప్రతి కనెక్షన్ పక్కన రిసీవ్-క్యూ, సెండ్-క్యూ అని రెండు అంకెలు వస్తాయి. రిసీవ్-క్యూ తగ్గకుండా పెరుగుతూ ఉంటే మీ ప్రోగ్రామ్ చదవడం లేదని నిర్ధారణ. నెట్‌వర్క్‌ను నిందించే ముందు ఆ అంకె చూడటం నాకు అలవాటు. ఎస్‌ఎంఎస్‌ను వేరే క్యూలోకి మళ్ళించండి.

రేపు టీఎల్‌ఎస్ (డేటాను గుప్తంగా పంపే పద్ధతి) పెడతారు, పిల్లల పేర్లు కాబట్టి పెట్టాలి కూడా. అప్పుడు సెలెక్ట్‌తో (ఏ సాకెట్‌లో డేటా ఉందో చెప్పే ఫంక్షన్‌తో) పనిచేస్తుంటే ఒక సూక్ష్మం ఉంది. టీఎల్‌ఎస్ రికార్డు 16,384 బైట్ల దాకా ఉంటుంది, లైబ్రరీ దాన్ని మొత్తంగా విప్పుతుంది, మీరు 4096 అడిగితే అంతే ఇచ్చి మిగతాది తన దగ్గర ఉంచుకుంటుంది. కెర్నెల్ బఫర్ అప్పటికే ఖాళీ కాబట్టి సెలెక్ట్ ‘ఏమీ లేదు’ అంటుంది, మెసేజ్ మాత్రం లైబ్రరీ లోపల ఉండిపోతుంది. పెండింగ్ ఫంక్షన్‌ను అడిగి అది సున్నా అయ్యేదాకా చదివాకే సెలెక్ట్‌కు వెళ్ళాలి.

ఇంతా చేతితో రాయాలా అంటే, అక్కర్లేదు. పైథాన్ అసింకయో లైబ్రరీలోని స్ట్రీమ్‌రీడర్‌లో రీడ్‌లైన్ (న్యూలైన్ దాకా చదివేది), రీడ్‌ఎగ్జాక్ట్‌లీ (అడిగినన్ని బైట్లు వచ్చేదాకా చదివేది) రెండూ ఉన్నాయి, రీడ్‌లైన్‌కు 64 కేబీ పరిమితి కూడా దానిలోనే ఉంది. మీకు నేను సిఫారసు చేసేది అదే. మేక్‌ఫైల్‌తో సాకెట్‌ను ఫైల్‌లా చదవవచ్చు గానీ, టైమ్‌ఔట్ తగిలిన తర్వాత దాని లోపలి బఫర్ నమ్మదగిన స్థితిలో ఉండకపోవచ్చని పైథాన్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. జావాలో డేటాఇన్‌పుట్‌స్ట్రీమ్ రీడ్‌ఫుల్లీ, గో భాషలో ఐఓ ప్యాకేజీలోని రీడ్‌ఫుల్ రీడ్‌ఎగ్జాక్ట్‌లీ చేసే పనే చేస్తాయి. మొదటినుంచి కట్టే వీలుంటే ఎంక్యూటీటీ అనే మెసేజ్ ప్రోటోకాల్ వాడేవాణ్ణి: మెసేజ్ హద్దు, రసీదు, బతికున్నట్టు తెలిపే పింగ్ మూడూ అందులోనే ఉన్నాయి. యూడీపీ మెసేజ్ హద్దులను కాపాడుతుంది, నిజమే. కానీ మెసేజ్ పోవచ్చు, రెండుసార్లు రావచ్చు, వరుస తప్పవచ్చు. వాటన్నిటికీ మీరే కోడ్ రాసేసరికి ఇప్పుడున్న చిక్కు చాలా చిన్నదనిపిస్తుంది.

మార్చాక పరీక్షించే తీరు: నమూనాగా పది మెసేజ్‌లు తీసుకోండి, వాటిలో కనీసం సగం తెలుగు పేర్లతో ఉండాలి. మొదట వాటన్నిటినీ కలిపి ఒకే సెండ్‌లో పంపండి. తర్వాత అవే బైట్లను నోడిలే పెట్టి, ఒక్కొక్క బైట్ చొప్పున, మధ్యలో ఒక మిల్లీసెకను విరామంతో పంపండి. ఆ తర్వాత ఏదో ఒక మెసేజ్ మధ్యలో కనెక్షన్ మూసేయండి. మొదటి రెండు పరీక్షల్లోనూ సరిగ్గా పది మెసేజ్‌లు, ఒక్క అక్షరం తేడా లేకుండా రావాలి. మూడోదాంట్లో తెగిన మెసేజ్ ఒక్కటే లాగ్‌లోకి పోయి సర్వర్ మిగతా బస్సులతో మామూలుగా కొనసాగాలి. ఈ మూడూ నెగ్గిన తర్వాత కూడా ఎర్రర్ వస్తే, ఆ క్షణంలో బఫర్‌లో ఉన్న బైట్లను, పిల్లల పేర్లు మార్చి, సంఖ్యలుగా ఇక్కడ పెట్టండి. పాఠంగా కాపీ చేసి పెడితే చూడవలసిన బైట్లే అందులో కనిపించవు.